పాత కంప్యూటర్‌ను ఇంటి ఫైబర్ లైనుకు కలపడం ఎలా

కొమడోర్ 64 కావచ్చు, బీబీసీ మైక్రో కావచ్చు, డీటీపీ సెంటరు మూసేశాక అటకెక్కిన 486 పీసీ కావచ్చు. బతికుంటే చాలు, ఇంటర్నెట్‌కు కలపొచ్చు. ఇంటికొచ్చే ఫైబర్ వంద మెగాబిట్లా, మూడొందలా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. కొమడోర్ యూజర్ పోర్టు 1200 బాడ్ (సీరియల్ లైను వేగానికి కొలత) దగ్గర నిలకడగా నడుస్తుంది, 2400 దగ్గరే తడబడుతుంది. 486లో పెట్టే పాత నెట్‌వర్క్ కార్డు 10 మెగాబిట్లు దాటదు. ఈ యంత్రాలకు చేతకాని పనులు రెండు. వైఫై పాస్‌వర్డు వెనక జరిగే డబ్ల్యూపీఏ2 లెక్కలు ఒకటి, ఇప్పటి వెబ్‌సైట్లు దాదాపు అన్నీ అడిగే ఎన్‌క్రిప్షన్ రెండోది. ఆ రెండూ పాత యంత్రంతో చేయించాలని చూస్తే కాలయాపనే. పక్కన చిన్న మధ్యవర్తిని పెట్టి బరువంతా దాని నెత్తిన వేయాలి. మధ్యవర్తి అంటే సీరియల్ పోర్టు ఉన్నవాటికి చవకైన వైఫై మాడ్యూలు, వెబ్ పేజీలు చూడాలనుకుంటే రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

ముందు చెమ్మ, తర్వాత కరెంటు

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి. భీమవరం చుట్టూ చెరువుల తేమ. కోనసీమ కొబ్బరితోటల మధ్య ఇళ్లలో ముసురు పట్టిందంటే గోడలు ఓ పట్టాన ఆరవు. అలాంటి చోట ఏళ్ల తరబడి అటక మీదున్న పెట్టెను దింపి నేరుగా ప్లగ్గు పెట్టకూడదు. మూత విప్పండి. బల్లి గుడ్లో, చీమలు చేరవేసిన మట్టో, కందిరీగ గూడో ఏదో ఒకటి ఉండే తీరుతుంది. మెత్తటి బ్రష్షుతో దులిపి, చిప్పుల కాళ్ల మధ్య ఇరుక్కున్నది వెదురు పుల్లతో లాగేయండి. బోర్డు అంచున ఉండే రాగి పట్టీల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్ది, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఐపీఏ అంటే ఇస్తారు. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. తుడిచాక రెండు రోజులు ఫ్యాను గాలికి వదిలేయండి.

386, 486 బోర్డుల మీద కీబోర్డు సాకెట్టు పక్కన నీలం రంగు పీపా ఆకారపు బ్యాటరీ కనిపిస్తే అన్నిటికంటే ముందు దాన్ని కత్తిరించి తీసేయండి. అది నికెల్ కాడ్మియం బ్యాటరీ. కారితే వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, రాగి దారులను తినేస్తుంది. వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిస్తే క్షారం విరిగిపోతుంది, ఆ తర్వాత ఐపీఏ. దాని బదులు కాయిన్ బ్యాటరీ పెట్టేట్టయితే దారిలో ఒక డయోడ్ తప్పనిసరి. లేకపోతే బోర్డు దాన్ని కూడా ఛార్జి చేయబోయి ఉబ్బేలా చేస్తుంది.

బీబీసీ మైక్రోలకు ఇంకో జబ్బు ఉంది. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద మన దేశంలో బడులకు చేరినవి ఇవే, కాబట్టి ఎక్కడో ఒక స్టోర్‌రూములో దొరకడం వింతేమీ కాదు. పవర్ సప్లైలో మెయిన్స్ వైపు రీఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. పైన పసుపు పచ్చని గాజులాంటి పూత, దాని నిండా సన్నటి పగుళ్లు. ఆ పగుళ్లలోంచి చెమ్మ లోపలి కాగితానికి పాకుతుంది. 230 వోల్టులు తగిలిన కాసేపటికి ఢామ్మని పేలి గదంతా కంపు పొగ నిండుతుంది. మెషీను పాడవదు గానీ గుండె ఆగినంత పనవుతుంది. పగుళ్లు కనబడ్డా, కనబడకపోయినా తీసేసి 0.1, 0.01 మైక్రోఫారాడ్‌లవి, 275 వోల్టుల ఎక్స్2 రకం వేయించండి. మామూలు కెపాసిటర్ అక్కడ పెట్టకూడదు.

కొమడోర్ 64 ఇటుక, అంటే దాని పవర్ సప్లై డబ్బా సంగతి మరీ మోసం. లోపలి రెగ్యులేటర్ చెడితే కరెంటు ఆగిపోదు, 5 వోల్టుల లైను మీద ఓల్టేజీ పెరుగుతుంది, ర్యామ్ చిప్పులు మాడిపోతాయి. మెషీనుకు తగిలించకముందే ప్లగ్గులో 5వ పిన్నుకూ 2వ పిన్నుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. 4.8 నుంచి 5.2 లోపు ఉండాలి. 5.2 దాటిందంటే ఆ ఇటుకను పారేసి కొత్తది కొనుక్కోవడమే. అమెరికా నుంచి చుట్టాలెవరో తెచ్చిందయితే వెనక 117 వోల్టులని రాసి ఉందేమో చూడండి. అలాంటిదాన్ని మన ప్లగ్గులో పెడితే అదే ఆఖరు.

రొయ్యల చెరువుల ఏరేటర్లు నడిచే రాత్రిళ్లు అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న ఇళ్లలో ఓల్టేజీ బాగా జారుతుంది. 486లోని ఎస్‌ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లై) దీన్ని చాలామటుకు తట్టుకుంటుంది. కొమడోర్ ఇటుకలో ఉన్నది పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్, దానికి స్టెబిలైజర్ ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆ ఇటుక గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. కరెంటు పోయినప్పుడు ఆపేయడమే మేలు.

ఎర్తు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సీరియల్ పోర్టులు పోవడానికి ఇదే పెద్ద కారణం. డెల్టాలో నీళ్లు పైనే ఉంటాయి, ఎర్తు గొయ్యి బాగా పనిచేస్తుంది, కానీ చాలా ఇళ్లలో సాకెట్టు మూడో రంధ్రానికి వైరే ఉండదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ బాడీకి కలిసి ఉంటాయి. ఎర్తు లేకపోతే ఆ బాడీ మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. చెయ్యి తగిలితే చీమ కుట్టినట్టు జివ్వుమనేది అదే. కరెంటు పరిమాణం చిన్నదే, మనిషికి పెద్దగా ఏమీ కాదు. కానీ సీరియల్ కేబుల్ గుచ్చేటప్పుడు గ్రౌండు పిన్ను కంటే ముందు డేటా పిన్ను తగిలిందంటే ఆ ఓల్టేజీ అంతా చిప్పులోకే పోతుంది. మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొలవండి, ఐదు వోల్టుల లోపు ఉండాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దరిదాపుల్లో రావాలి. ఇవి రాకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్తు బాగున్నా సరే, కేబుళ్లు కలిపేదీ తీసేదీ అన్నీ ఆపేశాకే.

వైఫై మోడెం కట్టడం

కావలసిన సామాను: ఒక ఈఎస్‌పీ-01ఎస్ వైఫై మాడ్యూలు, 3.3 వోల్టుల ఏఎంఎస్1117 రెగ్యులేటర్ బోర్డు, 470 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఒకటి, 0.1 మైక్రోఫారాడ్‌ది ఒకటి, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు మూడు, కనీసం 1 ఆంపియర్ ఇచ్చే 5 వోల్టుల సెల్ ఛార్జరు. పీసీకైతే వీటితోపాటు డీబీ9 కనెక్టర్ ఉన్న మ్యాక్స్3232 బోర్డు, ఇది పీసీ సీరియల్ ఓల్టేజీని మాడ్యూలుకు తగ్గట్టు మారుస్తుంది. షాపులో మ్యాక్స్232 చేతిలో పెడతారు జాగ్రత్త, అది 5 వోల్టులది, ఈఎస్‌పీకి పడదు. కొమడోర్‌కైతే 3.96 మిల్లీమీటర్ల ఎడంతో 24 కాంటాక్టులున్న ఎడ్జ్ కనెక్టర్. రాజమండ్రి, కాకినాడ, భీమవరాల్లో ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రాజెక్టు సామాను అమ్మే షాపుల్లో మిగతావి దొరుకుతాయి, ఎడ్జ్ కనెక్టర్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి రావచ్చు.

యూఎస్‌బీ సాకెట్టు ఉన్న నోడ్‌ఎంసీయూ, డీ1 మినీ లాంటి బోర్డులు వాడటం తేలికలా కనిపిస్తుంది. కొమడోర్‌కు వద్దు. ఆ బోర్డుల్లో ఆర్ఎక్స్ (వినే) లైనును లోపలి యూఎస్‌బీ చిప్పు కూడా ఒక చిన్న రెసిస్టర్ ద్వారా పైకి పట్టుకుని ఉంటుంది. మనం 1 కిలో ఓమ్ గుండా పంపిన సిగ్నలు దాన్ని కిందికి లాగలేదు. ఫలితం ఎలా ఉంటుందంటే, మోడెం నుంచి అక్షరాలు చక్కగా వస్తాయి, మనం కొట్టినవి మాత్రం దానికి చేరవు. వైరింగ్ అంతా సరిగ్గానే ఉందే అని తల పట్టుకోవడం తప్ప ఏమీ తోచదు.

మాడ్యూల్లో వేయాల్సింది జైమోడెం అనే ఉచిత ఫర్మ్‌వేర్, మాడ్యూలును పాత ఫోను మోడెంలా నడిపించేది ఇదే. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆర్డుయినో ఐడీఈ పెట్టి, బోర్డు రకం జెనరిక్ ఈఎస్‌పీ8266, ఫ్లాష్ 1 మెగాబైట్ అని ఎంచుకోండి. యూఎస్‌బీ ప్రోగ్రామర్‌లో మాడ్యూలు పెట్టి, జీపీఐఓ0 కాలును గ్రౌండుకు కలిపి ఉంచి కరెంటు ఇస్తేనే అది రాయడానికి ఒప్పుకుంటుంది. ఎక్కించాక ఆ కాలు వదిలేయండి. ఎఫ్‌టీ232 యూఎస్‌బీ అడాప్టర్‌లోని 3.3 వోల్టుల పిన్ను నుంచి మాడ్యూలుకు కరెంటు ఇవ్వకండి. ఆ పిన్ను 50 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, వైఫై వెలిగే క్షణంలో ఈఎస్‌పీ 300 దాకా లాగుతుంది. సగంలో ఆగిపోయి మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంటే కారణం ఇదే.

సోల్డరింగ్ పని ఇలా. ఛార్జరు 5 వోల్టులు రెగ్యులేటర్‌కు, రెగ్యులేటర్ 3.3 మాడ్యూలు వీసీసీకి. ఈఎన్ కాలు కూడా 3.3కే. రెండు కెపాసిటర్లనూ వీసీసీకీ గ్రౌండుకూ మధ్య, మాడ్యూలుకు ఆనుకునేంత దగ్గరగా వేయండి. బెత్తెడు వైరు చివర వేస్తే ప్రయోజనం ఉండదు.

పీసీకి కలపడం సులువు. మ్యాక్స్3232 బోర్డుకు కూడా 3.3 వోల్టులే ఇవ్వండి. దాని టీటీఎల్ (చిప్పుల స్థాయి తక్కువ ఓల్టేజీ) వైపు లైన్లు మాడ్యూలు టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్‌లకు, డీబీ9 వైపు పీసీకి. పీసీ డీబీ9లో 2 వినేది, 3 పంపేది, 5 గ్రౌండు. పాత 25 పిన్నుల పోర్టయితే 2, 3 అటూ ఇటూ మారతాయి, గ్రౌండు 7వది. బోర్డుల మీద రాసిన టీఎక్స్, ఆర్ఎక్స్ పేర్లు తయారీదారును బట్టి తారుమారవుతుంటాయి. జవాబు రాకపోతే టీటీఎల్ వైపు రెండు వైర్లనూ ఒకసారి మార్చి చూడండి, దానివల్ల ఏమీ కాలిపోదు.

కొమడోర్‌కు మ్యాక్స్ చిప్పుతో పనిలేదు, యూజర్ పోర్టే 5 వోల్టుల టీటీఎల్. మాడ్యూలు టీఎక్స్‌ను బీ, సీ అనే రెండు కాంటాక్టులకూ కలపాలి. ఒకటే కలిపితే కొమడోర్‌కు ఏమీ వినపడదు. ఎం కాంటాక్టు నుంచి 1 కిలో ఓమ్ గుండా మాడ్యూలు ఆర్ఎక్స్‌కు, ఆ ఆర్ఎక్స్ నుంచి మిగిలిన రెండు రెసిస్టర్లను వరసగా కలిపి గ్రౌండుకు. 5 వోల్టులు అక్కడికొచ్చేసరికి 3.3 అవుతాయి. ఏ, ఎన్ కాంటాక్టులు గ్రౌండు, ఛార్జరు గ్రౌండునూ అక్కడే కలపాలి. యూజర్ పోర్టు 2వ పిన్నులో 5 వోల్టులు దొరుకుతాయి కదా అని దాంతో మాడ్యూలు నడపకండి, దాని పరిమితి 100 మిల్లీ ఆంపియర్లు.

ఈ కనెక్టర్‌ను తిరగేసి పెట్టారంటే పని ముగిసినట్టే. కింది వరసలో బీ, సీ ఉన్న చోటికి పై వరసలోని 11, 10 వస్తాయి, వాటిలో 9 వోల్టుల ఏసీ ఉంటుంది. ఎం ఉన్న చోటికి 5 వోల్టుల పిన్ను వస్తుంది. మాడ్యూలు తక్షణం పోతుంది, ఏసీ రెండు కొనలూ షార్టవుతాయి. పోర్టు పట్టీలో రెండు చోట్ల గాడి ఉంటుంది. కనెక్టర్‌లో సరిగ్గా ఆ స్థానాల్లో ప్లాస్టిక్ ముక్క అంటిస్తే తప్పుగా దూరదు. కనెక్టర్ పైభాగాన మార్కర్‌తో ‘పైన’ అని రాసుకోండి, అదీ చాలదు, గాడి ముక్క ఉండాల్సిందే.

బీబీసీ మైక్రోకు వెనక ఐదు రంధ్రాల డిన్ సాకెట్టు. దాన్ని పాచికల మీద ఐదు చుక్కల్లా అమర్చారు కాబట్టి ప్లగ్గు తలకిందులుగా కూడా దూరుతుంది. అంతా సరిగ్గా ఉండి కూడా మౌనంగా ఉంటే ప్లగ్గును సగం తిప్పి పెట్టండి. సీటీఎస్ (పంపొచ్చని అనుమతి తెలిపే) లైను ఖాళీగా వదిలితే మెషీను అసలు పంపదు, దాన్ని ఆర్టీఎస్‌తో కలిపేయండి. వేగం పెట్టడానికి *ఎఫ్ఎక్స్ 7,7, *ఎఫ్ఎక్స్ 8,7 కొడితే రెండు వైపులా 9600 బాడ్. 1200 కావాలంటే రెండో అంకె 4. ఇక్కడా మ్యాక్స్3232 బోర్డు వాడాలి.

మొదటి డయలింగ్

పాత యంత్రంలో టెర్మినల్ ప్రోగ్రాం ఉండాలి. డాస్‌లో టెలిక్స్, ప్రోకామ్, కెర్మిట్ ఏదైనా సరే. కొమడోర్‌కు సీసీజీఎంఎస్ బాగుంటుంది, దాన్ని ఎస్‌డీ2ఐఈసీ ద్వారా మెమరీ కార్డు నుంచి ఎక్కించుకోవచ్చు. 486కు ఫైళ్లు చేర్చాలంటే ఫ్లాపీల మీద ఆశ పెట్టుకోకండి, మన తేమకు సగం ఫ్లాపీలకు బూజు పట్టి ఉంటుంది, బూజు పట్టినది డ్రైవు హెడ్డును కూడా పాడు చేస్తుంది. ఫ్లాపీ డ్రైవు స్థానంలో గోటెక్ పెట్టి పెన్‌డ్రైవు వాడటం మేలు.

వేగం 1200, 8 బిట్లు, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1. మాడ్యూలుకు కరెంటు ఇవ్వగానే తెర మీద చెత్త అక్షరాలు ఒక వరస పడతాయి. కంగారు పడొద్దు, ఈఎస్‌పీ లేవగానే 74880 బాడ్‌లో తన సొంత సందేశం వదులుతుంది, అది మన వేగంలో చెత్తగా కనబడుతుంది. తర్వాత ఏటీ కొట్టి ఎంటర్ నొక్కితే ఓకే రావాలి. ఏటీడబ్ల్యూ కొడితే చుట్టుపక్కల వైఫై పేర్లు వరసగా వస్తాయి. ఏటీడబ్ల్యూ తర్వాత కొటేషన్ గుర్తుల్లో వైఫై పేరు, కామా, పాస్‌వర్డు రాసి కొట్టండి. కలిశాక ఏటీ&డబ్ల్యూ కొడితే గుర్తుంచుకుంటుంది. ఇక ఏటీడీటీ, కొటేషన్లలో టెలీహాక్ డాట్ కామ్, కోలన్, 23 అని కొట్టండి. కనెక్ట్ అని వచ్చి అవతలి తెర మెల్లిగా దిగుతుంది. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు షెల్ ఖాతాలు నడిచిన తీరు కూడా ఇదే, ఒట్టి అక్షరాలు. తెంచడానికి మూడు ప్లస్సులు కొట్టి, ఒక క్షణం ఆగి, ఏటీహెచ్.

వైఫై పేర్లలో మీ ఇంటిది కనబడకపోతే అది 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే వస్తోందన్నమాట. ఈఎస్‌పీకి 2.4 తప్ప తెలియదు. కేబుల్ ఆపరేటర్ పెట్టిన డబ్బాలో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే 2.4కు వేరే పేరు పెట్టండి. భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే అని ఉంటే డబ్ల్యూపీఏ2కు మార్చాలి. అన్నిటికంటే మంచిది రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిచి, పేరూ పాస్‌వర్డూ ఒట్టి చిన్న అక్షరాలు, అంకెలతో పెట్టడం. కొమడోర్ వాడేది పెట్‌స్కీ కోడు, అందులో చిన్న బడి, పెద్ద బడి అక్షరాలు తారుమారు. పాస్‌వర్డులో ఒక్క పెద్ద అక్షరం ఉన్నా ఎన్నిసార్లు కొట్టినా తప్పనే అనొచ్చు. అంకెలు మాత్రమే ఉన్న పాస్‌వర్డయితే ఈ గొడవే ఉండదు.

పీసీలో వేగం పెంచాలంటే ఏటీబీ9600 కొట్టి, టెర్మినల్‌ను కూడా 9600కు మార్చండి. ఇంకా పైకి వెళ్లేముందు డాస్‌లో ఎంఎస్‌డీ నడిపి యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టును నడిపే) చిప్పు ఏదో చూడండి. 8250 అనో 16450 అనో ఉంటే ఒకసారి ఒకే అక్షరం పట్టుకోగలదు, నెమ్మది మెషీనులో 9600 దాటితే మాటల మధ్యలో అక్షరాలు ఎగిరిపోతాయి. 16550ఏ అయితే 16 అక్షరాల సంచి ఉంది, 38400 దాకా నిశ్చింత.

486కు నెట్‌వర్క్ కార్డు

ఐఎస్ఏ స్లాటు (పాత పీసీ బోర్డు మీద కార్డులు గుచ్చే పొడవాటి సాకెట్టు) ఖాళీగా ఉంటే ఈ దారి వైఫై మోడెం కంటే చాలా మేలు. ఎన్‌ఈ2000 తరహా రియల్‌టెక్ 8019ఏఎస్ గానీ, త్రీకామ్ 3సీ509బీ గానీ వెతకండి. కార్డు వెనక ఆర్‌జే45 రంధ్రం ఉండాలి. గుండ్రటి బీఎన్‌సీ ఒక్కటే ఉన్నవి చవగ్గా వస్తాయి గానీ మన రౌటర్‌కు తగలవు.

కార్డుకు ఇవ్వాల్సిన అంకెలు రెండు, ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే లైను నంబరు), ఐఓ చిరునామా (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే స్థానం). గొడవంతా ఇక్కడే. ఐఆర్‌క్యూ 3 కామ్2ది, 4 కామ్1ది, 5 తరచూ సౌండ్ కార్డుది. 486లో 10 ఖాళీగా ఉంటుంది, అదే ఇవ్వండి. చిరునామా 300 హెక్స్ మంచిది. 360 ఇస్తే కార్డు అక్కణ్నుంచి 32 స్థానాలు ఆక్రమించి ప్రింటర్ పోర్టు 378 మీద పడుతుంది, ప్రింటరూ పనిచేయదు, నెట్టూ పనిచేయదు. కార్డుతో వచ్చిన సెటప్ ప్రోగ్రాంలో ఈ రెండూ పెట్టి, ప్లగ్ అండ్ ప్లే ఆపేయండి.

తర్వాత ప్యాకెట్ డ్రైవర్, అంటే డాస్ ప్రోగ్రాములకు కార్డును అందించే చిన్న ప్రోగ్రాం. ఎన్‌ఈ2000 అని కొట్టి, దాని వెంట 0ఎక్స్60, 10, 0ఎక్స్300 ఇస్తే కార్డు సొంత నంబరు తెర మీద చూపిస్తుంది. ఆ నంబరులో అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే చిరునామా తప్పు. నంబరు సరిగ్గా వచ్చి కూడా నెట్టు రాకపోతే ఐఆర్‌క్యూ తప్పు. ఆ పైన ఎంటీసీపీ అనే ఉచిత నెట్‌వర్క్ ప్రోగ్రాముల కట్ట. సెట్టింగుల ఫైల్లో ప్యాకెట్‌ఇంట్ 0ఎక్స్60 అని ఒక వాక్యం రాసి, ఎంటీసీపీసీఎఫ్‌జీ అనే వేరియబుల్‌లో ఆ ఫైలు దారి పెట్టండి. డీహెచ్‌సీపీ నడిపితే రౌటర్ నుంచి చిరునామా తెచ్చుకుని ఆ ఫైల్లోనే రాసుకుంటుంది. ఆటోఎగ్జెక్‌లో టీజెడ్ విలువ ఐఎస్‌టీ-5:30 అని పెట్టి ఎస్‌ఎన్‌టీపీ నడిపితే గడియారం సరవుతుంది. మన సమయం ముందుంది కదా అని ప్లస్ పెడితే పదకొండు గంటలు తేడా వస్తుంది.

కేబుల్ పెట్టినా రౌటర్ మీద లైటు వెలగకపోతే, ఆ రంధ్రం 10 మెగాబిట్లకు దిగనంటోందన్నమాట. 2.5 గిగాబిట్ పోర్టుల్లో ఇది మామూలే. మధ్యలో ఒక మామూలు 10/100 స్విచ్ పెట్టండి, సరిపోతుంది. డాబా మీద గదికో, వెనక పెంకుటింటికో కంప్యూటర్ ఉంటే ఆరుబయట రాగి కేబుల్ లాగొద్దు. వీధిలోంచి వచ్చే ఫైబర్ తంతులో పిడుగు కరెంటు పారదు, కానీ ఆరుబయట లాగిన ఈథర్‌నెట్ వైరు ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వానకు అటు రౌటర్‌నూ ఇటు కార్డునూ కలిపి తీసుకుపోతుంది. చిన్న పాకెట్ రౌటర్‌ను క్లయింట్ మోడ్‌లో పెట్టి గదిలో నుంచే వైఫై అందుకోండి, దాని నుంచి కార్డుకు గజం పొడవు కేబుల్ చాలు. విండోస్ 98 ఉన్న పెంటియంలకు పీసీఐ స్లాటులో 8139 కార్డు వేసి డ్రైవర్ ఎక్కిస్తే అయిపోయింది, దాని గురించి వేరే చెప్పాల్సిందేమీ లేదు.

వెబ్ పేజీలు, అందులో తెలుగు

పాత బ్రౌజర్‌లో ఏ వార్తల సైటు తెరిచినా ఎన్‌క్రిప్షన్ దగ్గరే ఆగిపోతుంది. దాటినా తెలుగు కనబడదు. యూనికోడ్ తెలుగులో ఒత్తులూ గుణింతాలూ కూర్చే పని ఆ కాలపు సాఫ్ట్‌వేర్‌కు రాదు, గళ్లో ప్రశ్నార్థకాలో వస్తాయి. దీనికి చక్కటి విరుగుడు డబ్ల్యూఆర్‌పీ అనే ప్రాక్సీ. ఇది రాస్ప్‌బెర్రీ పై మీద క్రోమియంతో పేజీని తెరిచి, మొత్తాన్ని ఒక బొమ్మగా తీసి పాత బ్రౌజర్‌కు ఇస్తుంది. బొమ్మ మీద ఎక్కడ క్లిక్ చేస్తే అక్కడి లింకు తెరుచుకుంటుంది. అక్షరాలు కూర్చేది రాస్ప్‌బెర్రీ పై కాబట్టి విండోస్ 3.11లో నెట్‌స్కేప్ 3 మీద కూడా తెలుగు పేజీ ఒత్తులతో సహా కనబడుతుంది. రాస్ప్‌బెర్రీ పైలో తెలుగు ఫాంటు ఉండాలి సుమా. అందులో నడిచే డెబియన్ (లైనక్స్)లో ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ ఎక్కించండి, లోహిత్ వస్తుంది. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా కూడా వేస్తే పోతన, వేమన వస్తాయి. తక్కువ రంగుల తెర మీద ఏది బాగా చదవబడుతుందో మార్చి చూసుకోండి.

రాస్ప్‌బెర్రీ పైకి రౌటర్‌లో స్థిరమైన చిరునామా కేటాయించండి, 192.168.1.50 అనుకుందాం. పాత బ్రౌజర్‌లో ఆ చిరునామా, కోలన్, 8080 తెరిస్తే డబ్ల్యూఆర్‌పీ పేజీ వస్తుంది. అక్కడ వెడల్పు 600, ఎత్తు 400, జిఫ్, రంగులు 16 అని పెట్టండి. 256 రంగులు పెట్టొచ్చు గానీ 486 బొమ్మ విప్పడానికి తీసుకునే సమయం పెరుగుతుంది. మామూలు వార్తల పేజీకి 16 చాలు. ఒక మెలిక ఉంది. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలు సాధారణంగా ఒకదాన్నొకటి చూడలేవు. అందుకని ఈఎస్‌పీ మోడెం గెస్ట్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, 486నూ రాస్ప్‌బెర్రీ పైనీ మాత్రం అసలు నెట్‌వర్క్‌లోనే ఉంచాలి. ఇంగ్లీషు పేజీలు మాత్రమే చదవాలనుకుంటే రాస్ప్‌బెర్రీ పై కూడా అక్కర్లేదు, ఫ్రాగ్‌ఫైండ్ అనే సైటు ఎన్‌క్రిప్షన్ లేకుండా తెరుచుకుని మిగతా సైట్లను ఒట్టి అక్షరాలుగా మార్చి ఇస్తుంది.

మీ కొమడోర్ మీదే బీబీఎస్ (డయల్ చేసి సందేశాలు చదివి రాసుకునే బులెటిన్ బోర్డు) నడిపి బయటివాళ్లను డయల్ చేయమనాలంటే ముందు రౌటర్ పేజీలో వ్యాన్ (బయటి వైపు) చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ లైను సీజీనాట్ (ఒకే బయటి చిరునామాను చాలామంది ఖాతాదారులకు పంచే ఏర్పాటు) వెనక ఉంది, పోర్టు ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటినుంచి ఎవరూ రాలేరు. స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోవాల్సిందే. అది వచ్చాక కూడా ఒక్క పోర్టే తెరవండి. విండోస్ 98 మెషీనును డీఎంజెడ్‌లో, అంటే అన్ని పోర్టులూ బయటికి తెరిచే సెట్టింగులో పెట్టకూడదు.

కరెంటు పోయి వచ్చాక నెట్టు రాకపోతే ఎక్కడా విప్పి చూడక్కర్లేదు. ఈఎస్‌పీ క్షణాల్లో లేస్తుంది, ఫైబర్ డబ్బా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అది లేచేలోపు మోడెం వెతికి విసిగి ఆగిపోయి ఉంటుంది. డబ్బా మీద పాన్ (ఫైబర్ కలిసిందని చూపే) లైటు నిలకడగా వెలిగాక మోడెం ఛార్జరును తీసి పెట్టండి. 486లో అయితే డీహెచ్‌సీపీ మళ్లీ నడపండి. రౌటర్‌కు పింగ్ వెళ్తోంది, 8.8.8.8కు వెళ్తోంది, పేర్లతో మాత్రం వెళ్లట్లేదంటే తప్పు డీఎన్‌ఎస్‌ది, అంటే సైటు పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే సేవది. ఎంటీసీపీ ఫైల్లో నేమ్‌సర్వర్ వరసలో 8.8.8.8 రాయండి. అయితే డీహెచ్‌సీపీ నడిపిన ప్రతిసారీ ఆ వరస చెరిగిపోతుంది కాబట్టి, రౌటర్‌లోనే 486కు ఒక చిరునామా కేటాయించి, ఫైల్లో అన్నీ చేత్తో రాసుకుని డీహెచ్‌సీపీని ఆటోఎగ్జెక్ నుంచి తీసేయండి.